మేడ మీది ఎండ ఎవరిది?

షేక్‌పేటలో మా అపార్ట్‌మెంట్ మేడ మీద సోలార్ పలకలు పెట్టించాలని మొన్న సంఘం సమావేశంలో తీర్మానించాం. అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే. మర్నాడు మేడ మీద బట్టలు ఆరేస్తూ వాచ్‌మన్ భార్య అడిగింది: "ఇక్కడంతా పలకలు పెడతారంట గదమ్మా, మరి నేనెక్కడ ఆరేసుకోవాలి?" ఆరిళ్ళ బట్టలు ఉతికితే వచ్చే డబ్బే ఆమె సొంత సంపాదన. ఆ సంగతి నాకు తెలుసు. చెయ్యెత్తేటప్పుడు గుర్తు రాలేదు, అంతే.

భూమి వేడెక్కుతున్న కాలంలో ఏ కరెంటు మేలన్నది ఇంజనీర్లకే వదిలేసే ప్రశ్న కాదు. 2014 నాటి ఐపీసీసీ నివేదిక ప్రకారం, ప్లాంటు కట్టడం నుంచీ లెక్కిస్తే, ఒక యూనిట్‌కి బొగ్గు వదిలే కర్బన వాయువులు సుమారు 820 గ్రాములు. పెద్ద సోలార్ ప్లాంటుకి 48, జలవిద్యుత్తుకి 24, అణువిద్యుత్తుకి 12, గాలిమరకి 11. ఈ పట్టికని నేను నమ్ముతాను. బొగ్గు ఆగాలి. రేకుల ఇళ్ళలో పొయ్యి ముందు నిలబడే ఆడవాళ్ళకి ఈ ఎండలు ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

కానీ పట్టికలో ఒక గడి లేదు. సోంపేట బీలని బంజరు భూమిగా చూపి థర్మల్ ప్లాంటుకి ఇచ్చారు. ఆ చిత్తడి నేలలో చేపలూ పంటా పశువుల మేతా ఉన్నాయని చెప్పడానికి 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోవాల్సి వచ్చింది. అది బొగ్గు కదా అనుకుందాం. 12 గ్రాముల అణువిద్యుత్తు కోసం ఖాళీ చెయ్యమన్నది కొవ్వాడ మత్స్యకారులని. 24 గ్రాముల జలవిద్యుత్తు కూడా ఇచ్చే పోలవరం ముంచేది ఎక్కువగా ఆదివాసీ గూడేలని.

ఇంటిపని జాతీయాదాయంలో ఎందుకు కలవదని మనం ఏళ్ళ తరబడి అడుగుతున్నాం. బీలని బంజరన్నదీ ఆ చూపే. జీతం రాని పని పని కాదు, పట్టా లేని బతుకు బతుకు కాదు.

అలాగని అన్నిటినీ వద్దనడం నాకు సుళువు. నాకు ఇన్వర్టర్ ఉంది. కరెంటు పోతే పైన ఫిల్మ్‌నగర్‌లో జనరేటర్లు మోగుతాయి, కింద బస్తీ చీకట్లో ఉంటుంది. మనం ఏదీ ఎంచుకోకపోతే గెలిచేది బొగ్గే. కాబట్టి పోల్చాల్సిందే, ఎంచుకోవాల్సిందే. ఎక్కువ వాడే మన కప్పుల మీదే మొదలుపెట్టాలి. అయితే గ్రాముల పక్కన ఇంకో గడి గీయాలి: ఎవరిని అడిగారు?

ఆ సాయంత్రం ఆమెనే అడిగాను, పలకలు వద్దంటావా అని. నవ్వింది. "వద్దని ఎందుకంటానమ్మా? ముందే అడిగుంటే ఆ పడమటి గోడ పక్క కాస్త వదలమందును."

పలకలు ఇంకా బిగించలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ సమావేశం. ఈసారి ఆమెని కూడా పిలవమని అడగబోతున్నాను. వాచ్‌మన్ భార్యకి సంఘంలో ఏం పని అంటారని తెలుసు.