థర్మోకోల్ పెట్టెను నిషేధిస్తే న్యాయమా, అన్యాయమా?

ఈ సంవత్సరం జూన్ 5న, ప్రపంచ పర్యావరణ దినోత్సవం నాడు మా బడిలో ఉపన్యాస పోటీ పెట్టినారు. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ అన్నది అంశం. నేను థర్మోకోల్ పెట్టెల గురించి మాట్లాడినాను. చేపలకు, ఐస్‌క్యాండీలకు, పెళ్లిళ్లలో కూల్‌డ్రింకులకు వాడే ఆ తెల్ల పెట్టెలను వెంటనే నిషేధించాలనీ, అమ్మినవాళ్లకూ వాడినవాళ్లకూ జరిమానా వెయ్యాలనీ గట్టిగా చెప్పినాను. అందరూ చప్పట్లు కొట్టినారు. నాకు రెండో బహుమతి వచ్చింది.

సాయంత్రం ఇంటికి పోతే మా చిన్నాయన వాకిట్లో కూర్చోని పగిలిన థర్మోకోల్ పెట్టెకు టేపు చుడుతున్నాడు. ఆయన వారంలో మూడు రోజులు పావగడలో చేపలు తీసుకొని, మోపెడ్ వెనక పెట్టె కట్టుకొని, చుట్టుపక్కల పల్లెల్లో అమ్ముతాడు. మా తమ్ముడు ఊరుకోకుండా నా ఉపన్యాసమంతా ఆయనకు చెప్పేసినాడు. చిన్నాయన కోప్పడలేదు. టేపును పళ్లతో తెంపుతా, "అయితే మొదటి జరిమానా నాకే పడతాది గదమ్మా" అన్నాడు.

నాకు ఏం చెప్పాలో తోచలేదు. పోటీలో నేను చెప్పింది తప్పా? లేకపోతే చిన్నాయన చేసేది తప్పా? ఆ రోజు నుంచి నా మనసులో తిరుగుతున్న ఈ ప్రశ్న గురించే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు థర్మోకోల్ అంటే ఏమిటో చూద్దాం. ఇది పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్. చిన్న చిన్న ప్లాస్టిక్ గుళ్లను ఆవిరితో ఉబ్బించి, అచ్చులో ఒకదానికొకటి అతికిస్తారు. జర్మనీలోని బీఏఎస్ఎఫ్ కంపెనీ 1950 ప్రాంతంలో దీన్ని తయారుచేసింది. మనం పిలిచే థర్మోకోల్ అన్న మాట కూడా మొదట ఒక బ్రాండు పేరే. ఈ పెట్టెలో దాదాపు 98 శాతం గాలే ఉంటుంది. గాలి వేడిని తొందరగా లోపలికి పోనివ్వదు కాబట్టి ఐసు కరగకుండా నిలుస్తుంది. మా తాలూకాలో ఎండాకాలం ఎట్లుంటుందో అందరికీ తెలుసు. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న మేము సముద్రపు చేప తింటున్నామంటే ఇటువంటి పెట్టె వల్లనే. కాబట్టి అది పనికిమాలిన వస్తువని నేను అనలేను.

కానీ ఆ గాలే దాని చెడ్డ గుణం కూడా. పాత ఇనుము, సీసాలు, పుస్తకాలు ఇస్తే గుజరీ అంగడాయన తూకం వేసి డబ్బులిస్తాడు. ఒకసారి నేను పగిలిన థర్మోకోల్ పెట్టెలు తీసుకొని పోతే, "దీంట్లో ఏం తూగుతాదమ్మా, నా అంగడంతా ఇదే నిండిపోతాది" అని వెనక్కి పంపించినాడు. ఆయన తప్పేమీ లేదు. తూకం లేని వస్తువును ఎవరూ కొనరు. ఎవరూ కొననిది వీధిలోనో వంకలోనో పడుతుంది. కాల్చేద్దామంటే నల్లటి పొగ, ఊపిరాడని వాసన. పాలీస్టైరీన్‌కు మూలమైన స్టైరీన్ అనే పదార్థాన్ని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం "మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించేది" అన్న తరగతిలో చేర్చింది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చిన్నాయన పెట్టె పూర్తిగా విరిగిపోతే దాన్ని పారేసే పని నాదే. ఐదో తరగతి నుంచి నేను వాటిని ఊరి వెనక వంకలో వేసి వచ్చేదాన్ని. వంక ఎప్పుడూ ఎండిపోయే ఉంటుంది కాబట్టి అది చెత్త వేసే చోటనే అనుకున్నాను. తరువాత ఒక ఏడు మంచి వాన పడింది. మా పక్క చెరువుకు నీళ్లు రావడమంటే పండగ. ఊరి ఆడవాళ్లందరూ పసుపు, కుంకుమ, టెంకాయ తీసుకొని గంగపూజకు పోయినారు. నేను అవ్వ చెయ్యి పట్టుకొని పోయినాను. అవ్వకు కండ్లు సరిగ్గా కనపడవు. గట్టు దగ్గర నీళ్ల మీద తెల్లగా తేలుతా ఉంటే చూసి, "ఎవరో మనకంటే ముందే వచ్చి మల్లెపూలు చల్లిపోయినారే" అనింది. అవి పూలు కాదు, థర్మోకోల్ గుళ్లు. వాటిలో కొన్ని నేను వేసినవే. అవ్వకు ఆ మాట ఇప్పటికీ చెప్పలేదు.

ఆ గుళ్లు మట్టిలో కలవవు. పెద్ద ముక్క చిన్న ముక్క అవుతుంది, చిన్న ముక్క కంటికి కనపడనంత చిన్నదవుతుంది, అంతే. చెరువులో చేప మింగుతుంది. చెరువు ఎండినాక గొర్రెలు గడ్డితో పాటు తింటాయి. "ఎద్దు పుండు కాకికి ముద్దా" అంటారు. పెట్టె వాడుకునే మాకు చెరువు నొప్పి తెలియలేదు.

మరి చట్టం ఏం చెబుతుంది? కర్ణాటక ప్రభుత్వం 2016 మార్చిలోనే ప్లాస్టిక్ సంచులు, ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లతో పాటు థర్మోకోల్‌తో చేసిన అటువంటి వస్తువులనూ నిషేధించింది. 2022 జులై 1 నుంచి దేశమంతా కొన్ని ప్లాస్టిక్ వస్తువులపై నిషేధం వచ్చింది. అలంకరణకు వాడే థర్మోకోల్ అందులో ఉంది. చేపల పెట్టె మాత్రం ఆ జాబితాలో లేదు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం 2022 జనవరి 1 నుంచి ఇటువంటి ఫోమ్‌తో చేసిన తిండి డబ్బాలను నిషేధించి, ఆ తరువాత ఐసు పెట్టెలను కూడా చేర్చింది. కాబట్టి మన దగ్గర కూడా ఒక రోజు ఈ ప్రశ్న రాక తప్పదు.

"పేదవాడి కడుపు కొట్టే నిషేధం ధర్మం కాదు" అని కొందరు అంటారు. "ఊరంతటికీ చెడు చేసే వస్తువును ఎవరు వాడినా తప్పే" అని కొందరు అంటారు. నాకు రెండూ నిజమే అనిపించినాయి. అందుకని ఒక రోజు చిన్నాయనతో కూర్చోని లెక్క వేసినాను.

ఆయన కొనే థర్మోకోల్ పెట్టె 80 రూపాయలు. మూడు వారాలకు మించి నిలవదు. అంటే ఏడాదికి 17 పెట్టెలు, 1,360 రూపాయలు. గట్టి ప్లాస్టిక్‌తో చేసిన, ఏళ్ల తరబడి నిలిచే ఐసు పెట్టె ధర అడిగితే 3,000 రూపాయలు చెప్పినారు. అంటే రెండేండ్లు దాటి కొన్ని నెలలకే ఆ పెట్టె ఖర్చు తీరిపోతుంది. ఆ తరువాత మిగిలేదంతా లాభమే. ఈ లెక్క చూపిస్తే చిన్నాయన నవ్వి, "లెక్క బాగుందిలే పాపా. 80 రూపాయలైతే ఈ రోజు నా జేబులో ఉంది. 3,000 ఎప్పుడూ ఒక్కసారి ఉండలేదు" అన్నాడు.

అప్పుడు నాకు ఒక విషయం అర్థమయింది. చవక అంటే వెల తక్కువని కాదు. ఆ వెలలో కొంత భాగం ఇంకొకరి మీద పడుతుందని. 80 రూపాయల పెట్టె అసలు వెలను చెరువు కడుతోంది, గొర్రె కడుతోంది, రేపు ఈ ఊళ్లో పుట్టే పిల్లలు కడతారు. వాళ్లను ఎవరూ అడగలేదు. వాళ్లు వద్దని చెప్పలేరు. అడగకుండా ఒకరి మీద ఖర్చు వెయ్యడం అన్యాయం. కాబట్టి నిషేధం కావాలి. ఈ మాట నేను వెనక్కి తీసుకోను.

కానీ నా ఉపన్యాసంలో నేను చేసింది కూడా అదే అన్యాయం. చెరువు మీద పడిన ఖర్చును తీసి, మొత్తం చిన్నాయన మీద వేసినాను. ఆయనను నేను కూడా అడగలేదు.

మా తాలూకాలోనే ఇటువంటిది చూసినాము. తిరుమణి చుట్టూ 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. పొగ లేని కరెంటు, దేశానికి మంచిదే. భూమి ఉన్న రైతులకు ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయల లెక్కన బాడుగ కట్టినారు. భూమి వాళ్ల పేరు మీదనే ఉంది. అది మంచి పద్ధతి. కానీ ఆ చేలల్లో శెనక్కాయ పీకి కూలి తెచ్చుకునేవాళ్లకు పని పోయింది, వాళ్లకు బాడుగ లేదు. మంచి పని చేసేటప్పుడు కూడా దాని బరువు ఎవరి భుజం మీద పడుతుందో చూడకపోతే, సగం మంచే అవుతుంది.

అందుకని నా అభిప్రాయం ఇప్పుడు ఇట్ల మారింది. నిషేధం మొదట తయారుచేసే కంపెనీల దగ్గర మొదలు కావాలి, మోపెడ్ మీద అమ్మేవాడి దగ్గర కాదు. తేదీ ముందే చెప్పాలి. ఆ లోపల చిన్న వ్యాపారులకు మంచి పెట్టె కొనడానికి వాయిదాల్లో అప్పు ఇవ్వాలి. పెట్టెలు అమ్మినవాళ్లే పాత పెట్టెలను తిరిగి తీసుకోవాలి. పెళ్లిళ్లలో, సభల్లో ఒక పూట కోసం ఆ పెట్టెలు కొనేవాళ్లు మాత్రం ఈ రోజే మానుకోవచ్చు, వాళ్లకు దానివల్ల పూట గడవకుండా పోదు. మా తాత చిన్నప్పుడు ఐసు గడ్డను రంపపు పొట్టులో పెట్టి, గోనెసంచి చుట్టి అమ్మేవాళ్లంట. ఆ కాలానికి తిరిగి పోదామని కాదు. థర్మోకోల్ లేకుండా కూడా మనుషులు ఉపాయం వెతికినారని చెప్తున్నాను.

మా అమ్మ స్త్రీశక్తి సంఘంలో ఉంది. పెట్టె కోసం అప్పు అడగమని నేను అమ్మను అడిగినాను. సంఘంలో మాట్లాడింది, దసరా అయినాక చూస్తామన్నారు. ఇంకా రాలేదు. అంతవరకు చిన్నాయన థర్మోకోల్ పెట్టెకు గోనెసంచి కుట్టి వాడుతున్నాడు, మూడు వారాలది ఐదు వారాలు వస్తోంది. విరిగినవాటిని నేను వంకలో వెయ్యడం లేదు. మా పెరట్లో గోడ పక్కన ఆరు పెట్టెలు ఉన్నాయి. వాటిని ఏం చెయ్యాలో మాకు దారి తెలియదు. చదివే మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

వచ్చే జూన్ 5న మళ్లీ ఉపన్యాస పోటీ ఉంటే నేను మళ్లీ మాట్లాడతాను. ఈసారి బడికి పోకముందే చిన్నాయనకు చదివి వినిపిస్తాను.