విశ్రాంతికి తిథి వార నక్షత్రాలు

పిల్లల చదువుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన ఇళ్ళల్లో ఒక కథ వినిపిస్తూ ఉంటుంది. 2016 రియో ఒలింపిక్స్‌కి ముందు గోపీచంద్ గారు పి.వి. సింధు సెల్‌ఫోను మూడు నెలలపాటు తీసేసుకున్నారట! అందుకే వెండి పతకం వచ్చిందట! కథలో రెండో సగం మాత్రం ఎవరూ చెప్పరు. ఫైనల్ ముగియగానే ఆ గురువుగారే ఫోను తిరిగి ఇచ్చేస్తానన్నారు, ఐస్‌క్రీం కూడా తినొచ్చన్నారు.

ఆ రెండో సగం దయాదాక్షిణ్యం కాదండీ, శాస్త్రం. ఆటగాళ్ళ శిక్షణకూ ఒక పంచాంగం ఉంటుంది. 1960లలో సోవియట్ రష్యాకు చెందిన మాత్వియెవ్ దాన్ని గ్రంథస్థం చేశారు. ఒలింపిక్స్‌కీ ఒలింపిక్స్‌కీ మధ్య నాలుగేళ్ళనీ ఏళ్ళుగా, నెలలుగా, వారాలుగా విడగొడతారు. మొదట పునాది, తర్వాత పోటీకి పదును, ఆపైన కోలుకునే కాలం. మూడు వారాలు కష్టం పెంచితే నాలుగో వారం తగ్గించడం మామూలే. పెద్ద పోటీ దగ్గరపడ్డాక సాధన ఇంకా తగ్గిస్తారు. శ్రమ ఒంటిని అలసిపోయేలా చేస్తుందేగాని, ఒళ్ళు గట్టిపడేది విశ్రాంతిలోనే. అది లేకపోతే నిద్ర చెడుతుంది, దెబ్బలు తగులుతాయి, ఆట దిగజారుతుంది.

మనం ఈ పంచాంగంలో కష్టం పేజీలే చింపి తెచ్చుకున్నాం. పిల్లలకు ఆదివారం కూడా పరీక్షే. ఇక ఇల్లాలి సంగతి చెప్పేదేముంది? పండగొస్తే అందరికీ సెలవు, వంటింటికి రెట్టింపు పని. పనంతా అయ్యాక దొరికే కూలి విశ్రాంతి అనుకుంటాం. ఇంటిపని అవదు, ఆ కూలీ అందదు.

అయితే పతకం తెస్తేనే విశ్రాంతికి విలువా? 1984లో లాస్ ఏంజెలిస్‌లో పి.టి. ఉషకు కాంస్యం సెకనులో నూరోవంతు తేడాతో తప్పిపోయింది. 2020 టోక్యో పోటీలు ఏడాది వెనక్కి జరిగి, అందరి నాలుగేళ్ళ లెక్కా తారుమారైంది. ఎదురుచూసిన రోజు మన చేతిలో ఉండదు. దారిలో గడిచే రోజులే మనవి. వాటిలో కాస్త ఊపిరి పీల్చుకోవడానికి పతకం సాకు ఎందుకు?

పాల లెక్కా, గ్యాసు తేదీ కాలెండరు మీద రాసుకుంటాం కదా! నెలకో మధ్యాహ్నం మీద 'నాది' అని రాసి చూడండి. ఇదేమిటని ఎవరైనా అడిగితే, కోచ్‌గారు చెప్పారనండి!