ముహూర్తం ఎవరికోసం ఆగాలి?

1967 జనవరి 15న లాస్ ఏంజెలిస్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ తొలి సూపర్ బౌల్ జరిగింది. సీబీఎస్, ఎన్‌బీసీ రెండూ ప్రసారం చేశాయి. రెండో సగం మొదలవుతూ కిక్‌ఆఫ్ అయిపోయింది గానీ, ఎన్‌బీసీ ఇంకా ప్రకటనల దగ్గరే ఉంది. దాంతో ఆ కిక్‌ఆఫ్ చెల్లదని మళ్ళీ కొట్టించారు. ఇప్పటికీ ఆ ఆటలో టీవీ కోసమే ఇచ్చే విరామాలున్నాయి. ఆటకు అది చెల్లుతుంది. దేవుడి పెళ్ళిని కూడా అలా నడపవచ్చా?

ఈ ప్రశ్న అడగడానికి మధురై కంటే తగిన ఊరు లేదు. అక్కడి చిత్తిరై తిరువిళా అనే పండగకు ఇప్పుడున్న రూపం ఇచ్చినవాడు తెలుగు నాయక రాజు. 1623 నుంచి 1659 వరకు ఏలిన తిరుమల నాయకుడు మాసి నెలలో జరిగే మీనాక్షీ కల్యాణాన్ని చిత్తిరై నెలకు మార్చాడనీ, అంతకుముందు తేనూరు దగ్గర వైగై ఏటిలో దిగే అళగర్ పెరుమాళ్ళను మధురైకి రప్పించాడనీ స్థానిక చరిత్ర చెబుతుంది. శైవుల పండగా వైష్ణవుల పండగా ఒకే కథలో ఇమిడాయి. చెల్లెలు మీనాక్షి పెళ్ళికని అన్నగారైన అళగర్ 20 కిలోమీటర్ల అవతలి అళగర్‌కోయిల్ నుంచి బయల్దేరతాడు. వచ్చేసరికి తాళి కట్టడం అయిపోతుంది. అలిగి, ఊళ్ళోకి అడుగు పెట్టకుండానే ఏటి దగ్గర్నుంచి మళ్ళిపోతాడు.

రాజు నెలనే మార్చగా లేనిది, టీవీవాళ్ళు అరగంట జరిపితే తప్పేమిటని ఎవరైనా అడగవచ్చు. తేడా ఉంది. రాజు మార్చింది జనం కలవడానికి. ఆ తర్వాత ఘడియ పంచాంగానిదే. మీనాక్షి గుడి ఎదుటి పుదుమండపం స్తంభం మీద ఆ రాజు శిల్పం కూడా చేతులు జోడించుకునే నిలబడి ఉంటుంది. అమ్మవారికి మాంగల్యధారణ జరిగే ఆ క్షణంలోనే వేలాది ఆడవాళ్ళు తమ మెళ్ళో పాత తాడు తీసి కొత్త పసుపుతాడు వేసుకుంటారు. ఏ ఛానల్ ప్రకటనల్లో ఉన్నా ఆ ముడి రెండోసారి పడదు.

మరి తెర మీద చూస్తే దర్శనమవుతుందా? విగ్రహానికి నయనోన్మీలనం చేసేది, అంటే కళ్ళు తెరిపించేది, మనం చూడటానికి మాత్రమే కాదు, స్వామి మనల్ని చూడాలని కూడా. కెమెరా అందులో సగమే అందిస్తుందన్న ఆక్షేపణ బలమైనదే. అయితే శ్రీవైష్ణవులు అర్చామూర్తిలో అన్నిటికన్నా గొప్పగా చెప్పుకునేది సౌలభ్యం, అంటే అందరికీ అందుబాటులోకి రావడం. ఉత్సవమూర్తి వీధికెక్కేది అందుకే. 1939 జూలై 8న ఆలయప్రవేశ ఉద్యమ నాయకుడు వైద్యనాథ అయ్యర్ వెంట దళితులూ నాడార్లూ మీనాక్షి గుడిలో అడుగుపెట్టేదాకా, గడప దాటనివ్వని వాళ్ళకు ఆ ఊరేగింపే దర్శనం. గుడికి రాలేనివాళ్ళ దగ్గరికి దేవుడే వెళ్ళాలన్న ఆ ధర్మాన్నే ప్రసారం ఇంకాస్త దూరం తీసుకుపోతోంది. కరోనా మూలంగా 2020 మే 4న కొద్దిమంది అర్చకులే కల్యాణం జరిపిస్తే, మధురై ఆడవాళ్ళు ఇళ్ళలో ప్రసారం చూస్తూ తాళ్ళు మార్చుకున్నారు. మంచాన పడ్డ ముసలమ్మకు అది దర్శనం కాదనే అధికారం ఎవరికీ లేదు.

చిక్కు వేరే చోట ఉంది. పట్టు కట్టి, బంగారు గుర్రమెక్కి అళగర్ వైగైలో దిగే ఆ నిమిషమే కెమెరాకు కావాలి. జనం కూడా అదే పండగంతా అనుకుని ఆ ఒక్క చోటికే విరగబడుతున్నారు. 2022 ఏప్రిల్ 16 తెల్లవారుజామున ఏటి ఒడ్డున తొక్కిడిలో ఇద్దరు చనిపోయారు. స్వామి నడకకు మాత్రం ఆ తొందర లేదు. దారి పొడుగునా వందలాది మండపాల్లో ఆగుతాడు. ఎవరి మండగప్పడి (స్వామి ఆగే మజిలీ) దగ్గర వాళ్ళు హారతిచ్చి, శఠారి పెట్టించుకుంటారు. తేనూరు మండపంలో మండూక మహర్షికి శాపవిమోచనం, ఆ రాత్రి రామరాయర్ మండపంలో తెల్లవార్లూ దశావతార సేవ. మనిషికీ దేవుడికీ ముఖాముఖి దొరికేది ఈ మజిలీల్లోనే. ఇవి ఊళ్ళో ఎన్నోచోట్ల, రోజుల తరబడి జరుగుతాయి కాబట్టి జనం ఒక్క ఒడ్డునే గుమిగూడాల్సిన పనీ లేదు.

కాబట్టి ప్రసారం ఉండాలి, ముహూర్తం జోలికి మాత్రం పోకూడదు. పండగకు ఏర్పాట్లు చేసే అధికారులూ ఛానళ్ళూ ఏటి ఒడ్డున పెట్టే కెమెరాల్లో కొన్నింటినైనా స్వామి సాగే వండియూరు దారిలోని మండపాలకు పంపాలి. స్వామి ఆగినంతసేపూ అక్కడే నిలిపి ఉంచాలి.