ఇల్లు కురియకముందే

మూలవాక్యము: ప్రసంగి 10:18



చలికాలము వెళ్లిపోవుచున్నది. మాఘమాసపు మంచు తగ్గినది. కోతలు, నూర్పిళ్లు ముగిసి ధాన్యము ఇల్లు చేరినది. చేతులకు కొంచెము తీరిక దొరికినది. మన పెద్దలు ఈ తీరికను ఊరక పోనిచ్చెడివారు కారు. కార్తీకపు వానలకు నాని, మంచుకు కుళ్లిన తాటాకును దింపి క్రొత్త ఆకు వేసెడివారు. వాసములను తట్టి చూచి, చెదపట్టిన వాటిని తీసివేసెడివారు. గోడల నెర్రెలలో మట్టి మెత్తి, అలికి, సున్నము వేసెడివారు. పెంకుటిండ్లవారు పగిలిన పెంకులు మార్చెడివారు. నేడు అనేకులకు డాబాలు కలవు. అయినను పని తప్పలేదు. స్లాబు మీది బీటలు పూడ్చవలెను, తూములలో చేరిన ఆకులు తీయవలెను. జూన్ నెలలో వాన మొదలైన తరువాత నిచ్చెన వెదకిన ప్రయోజనమేమి?

యేసుప్రభువు తిరిగిన దేశములో వానలు చలికాలముననే కురియును. అందుచేతనే పరమగీతము 2వ అధ్యాయములో చలియు వానయు కలిసి వెళ్లిపోయినట్లు చదువుచున్నాము. అక్కడి సామాన్యుల ఇండ్లకు దూలముల మీద కొమ్మలు, రెల్లు పరచి, పైన మట్టి దట్టించి కప్పు వేసెడివారు. కపెర్నహూములో నలుగురు మనుష్యులు పక్షవాయువు గలవానిని దింపుటకు విప్పినది అట్టి కప్పునే (మార్కు 2:4). వాన కురిసినకొలది ఆ మట్టి కరగును. ఇంటివాడు మరల దట్టింపవలెను. మానినయెడల దూలము నానును, తరువాత కప్పు క్రుంగును. ఇల్లు పడుటకు శత్రువు రానక్కరలేదు, యజమానుని బద్ధకమే చాలునని ప్రసంగి మనకు బోధించుచున్నాడు.

ఈ మాట ఇతరులకు చెప్పుటకు ముందు నేను నా తప్పు ఒప్పుకొనవలెను. చాల సంవత్సరముల క్రిందట నేను సేవ చేయుచుండిన గ్రామములో ఒక వృద్ధ విధవరాలు ఉండెను. ఆమె పడుకొను చోటికి సరిగా పైన కప్పు చిల్లిపడినది. ఫాల్గుణములో ఆమె నాతో చెప్పగా, "ఈస్టరు పండుగ కానిమ్మమ్మా, చూతము" అంటిని. పండుగ అయినది. తరువాత పెండ్లిండ్లు వచ్చినవి. జ్యేష్ఠమాసములో ఒక రాత్రి పెద్ద వాన కురిసెను.

తెల్లవారి వెళ్లితిని. ఆమె పొరుగువారి అరుగు మీద తడిబట్టలతో కూర్చుండి, ఒడిలో బియ్యపు కుండ పెట్టుకొని యుండెను. కుండలో బియ్యము లేవు, బైబిలు ఉన్నది. బియ్యము ప్రక్కన చేటలో తడిసిపోయి యున్నవి.

"అదేమమ్మా, బియ్యము బయట పోసితివి?" అని అడిగితిని.

"బియ్యం ఎండబెట్టుకోవచ్చండి అయ్యగారూ. ఇది తడిసిపోతే మా మనవడు నాకేం చదివి పెడతాడండీ?" అన్నది.

ఆమె నన్ను ఒక్క మాటయు అనలేదు. అనియుండిన బాగుండెడిది. ఆ వారములోనే ఎనిమిదిమంది యౌవనులు తాటాకు కొట్టి తెచ్చి ఆ ఇల్లు కప్పిరి. ఒకటిన్నర దినములలో ముగిసిన పనిని నేను మూడు నెలలు వాయిదా వేసితిని.

యోవాషు రాజు దినములలోని యాజకులును ఇట్లే చేసిరి. మందిరము బాగుచేయుడని రాజు చెప్పినను, అతని యేలుబడి ఇరువదిమూడవ సంవత్సరము వరకు పాడైన చోట్లు అట్లే యున్నవి (2 రాజులు 12:6). మందిరము వద్దని వారు చెప్పలేదు. చేయుదము అనుచునే కాలము గడిపిరి. చివరకు యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జము చేసి, బలిపీఠము దగ్గర ఉంచెను. అందులో పడిన రూకలు వడ్రంగులకును కాసెవారికిని చేరినవి. వారు ఎంత నమ్మకస్థులనగా, వారియొద్ద లెక్క అడుగ నక్కరలేక పోయెను. మంచి ఉద్దేశము ఇల్లు కప్పదు. పెట్టె ఉంచి, దినము నిర్ణయించి, చేయి వేసినప్పుడే పని జరుగును.

మన అంతరంగమును ఒక ఇల్లే. ఒకప్పుడు కుటుంబ ప్రార్థన ఒక రాత్రి తప్పినది. నేడు అది బొత్తిగా లేదు. ఒకప్పుడు అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా చిన్న నెర్రె. నేడు ఒకరి ఇంటి శుభకార్యమునకు ఒకరు వెళ్లరు. చెద పైకి కనబడదు. స్తంభము నున్నగానే యుండును, వ్రేలితో కొట్టిన డొల్ల ధ్వని వచ్చును. ఇశ్రాయేలీయులు ఆబీబు మాసములో పస్కా పండుగకు ఇంట నున్న పులిసినదంతయు తీసివేయవలసి యుండెను (నిర్గమకాండము 12:15). ప్రభువు శ్రమలను ధ్యానించు ఈ దినములు మన హృదయములను తట్టి చూచుకొనుటకు తగిన సమయము. ఆ ఇంటికి మనము చేయు మరమ్మతు చాలదు. వడ్లవాడైన మన ప్రభువును లోపలికి పిలువవలెను. ఆయన చేయి పెట్టని మూల ఉండరాదు.

కాబట్టి సంఘ పెద్దలారా, ఈ వారమే విధవరాండ్ర ఇండ్లకును రోగుల ఇండ్లకును వెళ్లి, లోపల నిలువబడి, కప్పువైపు తల యెత్తి చూడుడి. వెలుగు కనబడు ప్రతి చిల్లిలోనుండి రేపు వాన దిగును. యౌవనులారా, ఒక శనివారము ప్రభువునకు ఇయ్యుడి. తల్లులారా, మీ ఇల్లు అలుకునప్పుడు ఎవరితో మాట మానితిరో జ్ఞాపకము చేసికొని, చేతులు కడుగుకొని వారి గడపకు వెళ్లుడి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, రేపు అని తప్పించుకొను మా బద్ధకమును క్షమింపుము. మా పొరుగువారి కప్పును మా కప్పువలె చూచు కన్నులిమ్ము. వాన రాకముందే మమ్మును లేపుము. మా రక్షకుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.