డ్రోను ఎగరేసే ముందు నేల చూసుకో, బిడ్డా

బిడ్డా,

కొత్త డ్రోను ఇంటికి వచ్చిందని, ఆదివారమే గోదావరి ఒడ్డుకు పోయి ఎగరేస్తానంటున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. బొగ్గుబాయి ఉద్యోగం కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసే పిల్లలున్న ఈ కోల్‌బెల్ట్‌లో నువ్వు స్టూడియో పెట్టి నీ కాళ్ల మీద నిలబడ్డావు. ఇప్పుడు పెళ్లి వీడియోలకు పై నుంచి తీసే కెమెరా కూడా చేతికి వచ్చింది. కానీ ఆ పనిని ఇంకో వారం వాయిదా వెయ్యి. ఈ ఉత్తరం చదివి, ఇందులో చెప్పినవన్నీ చేసుకున్నాకే ఎగరెయ్యి.

నేను సింగరేణి సర్వే డిపార్ట్‌మెంట్‌లో బతుకంతా గడిపినవాణ్ని. థియోడొలైట్‌లో కన్ను పెట్టేది చివరికి. అంతకుముందు స్టాండు కాళ్లు గట్టిగా దిగాయా, గుండు సరిగ్గా పాయింటు మీద వేలాడుతోందా, బుడగ నడిమధ్యన నిలిచిందా అని చూసుకునే పనే ఎక్కువ. అక్కడ తేడా వస్తే ఆ తర్వాత రీడింగు ఎంత శ్రద్ధగా తీసినా తప్పే. నీ డ్రోను సంగతీ అంతే. గాలిలోకి లేచాక నువ్వు దిద్దుకోగలిగేది కొంచెమే, నేల మీద ఉన్నప్పుడు చూసుకోగలిగేది చాలా. 2003 జూన్ 16న మన గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిని నీళ్లు ముంచెత్తి 17 మంది కార్మికులు చనిపోయారు. ముందుగా చూసుకోవడం ఎంత అవసరమో ఈ ఊరికి ఎవరూ కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

ముందు కాగితాల పని ముగించు. డ్రోన్ రూల్స్ 2021 ఆగస్టు 25న వచ్చాయి. వాటి ప్రకారం 250 గ్రాముల వరకు బరువున్నది నానో, అది దాటి 2 కిలోల వరకు మైక్రో. నానోకు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మైక్రో అయితే సరదాకు ఎగరేసేవాళ్లకు అక్కర్లేదు గానీ డబ్బు తీసుకుని ఎగరేసేవాళ్లకు కావాలి. పెళ్లి షూటింగు డబ్బు తీసుకుని చేసే పనే, అందులో అనుమానం పెట్టుకోకు. 18 ఏళ్లు నిండి పదో తరగతి పాసైతే చాలు, డీజీసీఏ గుర్తించిన శిక్షణ సంస్థలో నేర్చుకుని సర్టిఫికెట్ తీసుకోవచ్చు. హైదరాబాద్‌లో తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ కూడా ఈ శిక్షణ ఇస్తుంది. నానో అని కొన్న డ్రోనుకు పెద్ద బ్యాటరీ వేసినా, రెక్కలకు గార్డులు తగిలించినా బరువు 250 గ్రాములు దాటిపోవచ్చు. అందుకని కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద, ఎగిరేటప్పుడు ఏమేం తగిలించి ఉంటాయో అన్నీ తగిలించి, నువ్వే ఒకసారి తూచు.

డ్రోనును ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసి గుర్తింపు నంబరు తీసుకో. మైక్రో అయితే థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి. రెండోదాన్ని దుబాయిలో ఉన్న మీ బావతో తెప్పించుకుంటానన్నావట. ఆ ఆలోచన మానుకో. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిని కేంద్రం నిషేధించింది. పరిశోధనకు, రక్షణకు, భద్రతకు తెచ్చుకునేవాటికే మినహాయింపు. నీ కోసం సామాను మోసుకొచ్చిన పాపానికి అతను ఎయిర్‌పోర్టులో తలవంచుకుని నిలబడే పరిస్థితి తేవద్దు.

ఇక ఇంట్లో చేసే పని. పెట్టె విప్పగానే స్విచ్ నొక్కకు. కెమెరాకు బిగించిన తొడుగు తీయకుండా ఆన్ చేస్తే కెమెరాను పట్టి ఉంచే గింబల్ తిరగలేక మూలిగి, దాని చిన్న మోటారు దెబ్బతింటుంది. చేతులు విప్పేటప్పుడు ముందువి ముందా, వెనకవి ముందా అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. పుస్తకంలో ఉన్న వరసలోనే విప్పు. రెక్కలు రెండు రకాలు. గుర్తున్నవి గుర్తున్న చేతులకే బిగించాలి. తారుమారైతే డ్రోను లేవకుండా అక్కడే బోర్లాపడుతుంది. వేలి కొసతో ఒక్కొక్క రెక్క అంచూ తడిమి చూడు. వెంట్రుకంత పగులు తగిలినా దాన్ని పక్కన పెట్టు, అతికించి వాడకు. కొత్త బ్యాటరీలు చాలావరకు నిద్రలో ఉన్నట్టు వస్తాయి. ఒకసారి చార్జింగుకు పెడితేనే మేలుకుంటాయి. డ్రోనుకు, కంట్రోలరుకు, అన్ని బ్యాటరీలకు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఇంటి దగ్గర, మంచి ఇంటర్నెట్ ఉన్నచోటే ముగించు. మెమరీ కార్డును డ్రోనులోనే ఫార్మాట్ చెయ్యి. పెళ్లి పందిట్లో లైట్లు వీడియోలో మినుకుమినుకుమనకుండా ఉండాలంటే మన కరెంటుకు తగ్గట్టు షట్టరు వేగం సెకనులో 50వ వంతు దగ్గర పెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా. మన ప్రాంతంలో డ్రోను ఎగరేసేవాడు మిగతా ఊళ్లవాళ్ల కంటే రెండు విషయాలు ఎక్కువ తెలుసుకోవాలి. ఒకటి ఇనుము, రెండోది ఎత్తు.

డ్రోను దిక్కు తెలుసుకునేది లోపలి కంపాసుతో. పాత రోజుల్లో మా సర్వేవాళ్లు గనిలో డయల్ అనే దిక్సూచి వాడేవాళ్లు. పట్టాలు, గర్డర్లు ఉన్నచోట దాని ముల్లు చూపిన దిక్కును నమ్మేవాళ్లు కాదు. నీ డ్రోనుకూ అదే బలహీనత ఉంది. క్వార్టరు డాబా మీద నుంచి ఎగరేద్దామని ప్రతి కుర్రవాడికీ అనిపిస్తుంది. కానీ స్లాబు నిండా చువ్వలే. కల్యాణ మండపం దగ్గర డీజే బాక్సుల్లో పెద్ద పెద్ద అయస్కాంతాలుంటాయి, పక్కనే జనరేటరు. మన దగ్గర కన్వేయరు బెల్టులు, బొగ్గు బంకర్లు, కాజీపేట–బల్లార్షా లైను పట్టాలు, ఎన్టీపీసీ నుంచి నలుదిక్కులకూ పోయే టవర్లు ఉండనే ఉన్నాయి. వీటి పక్కన కంపాసు సరిచేస్తే తప్పును ఒప్పని దానికి నేర్పినట్టే. తర్వాత అది ఒకచోట నిలబడలేక గుండ్రంగా తిరుగుతూ దూరంగా కొట్టుకుపోతుంది. కాబట్టి కంపాసు సరిచేసే పని ఖాళీ చెలకలో పెట్టుకో. బండి దూరంగా ఆపు, కడియం, గడియారం, తాళాల గుత్తి తీసి పక్కన పెట్టు. ఫోనులో ఉపగ్రహాల సంఖ్య బాగా పెరిగి, హోమ్ పాయింట్ నమోదైందని యాప్ చెప్పేదాకా ఆగు. ఆ నిమిషం ఆగలేనివాడు డ్రోను తిరిగి వచ్చే ఇంటి చిరునామా దానికి ఇవ్వకుండానే పంపినవాడు.

ఎత్తు సంగతి ఇంకా జాగ్రత్తగా విను. తెర మీద కనిపించే ఎత్తు డ్రోను కింద ఉన్న నేల నుంచి కొలిచింది కాదు, నువ్వు ఎగరేసిన చోటు నుంచి కొలిచింది. చదునైన ఊళ్లో ఈ తేడా తెలియదు. మన దగ్గర ఓపెన్‌కాస్టులు ఒకవైపు లోయలు తవ్వితే, ఇంకోవైపు తవ్విపోసిన మట్టి డంపులు గుట్టల్లా లేచాయి. డంపు 80 మీటర్లుందనుకో. నువ్వు దాని అడుగున నిలబడి, డ్రోను తనంతట తాను తిరిగొచ్చే ఎత్తు 60 మీటర్లని పెట్టి, అవతలి వైపు షాట్‌కు పంపావు. మట్టి గుట్ట అడ్డొచ్చి కంట్రోలరుతో సంబంధం తెగింది. డ్రోను బుద్ధిగా 60 మీటర్లకు సర్దుకుని నేరుగా నీ దగ్గరికి బయలుదేరుతుంది, వచ్చి గుట్టకు గుద్దుకుంటుంది. తప్పు యంత్రానిది కాదు, దానికి చెప్పిన లెక్కది. ఇదే తిరగేసి చూడు. అలాంటి గుట్ట మీద నుంచి ఎగరేసి పల్లం మీదికి పోనిస్తే తెర మీద 100 అని కనిపిస్తుంది, నేల నుంచి నిజంగా 180. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోనులోనైనా ఎగరగలిగేది నేల నుంచి 120 మీటర్ల వరకే.

అందుకని ఏ చోటికి పోయినా ముందు చుట్టూ ఒకసారి తిరిగి చూడు. అన్నిటికంటే ఎత్తైనది ఏది? చింతచెట్టా, సెల్ టవరా, హైటెన్షన్ లైనా? దానికి పైన ఇంకొంత కలిపి రిటర్న్ ఎత్తు పెట్టు. పెద్ద టవర్ల కొసల మీద సాగే సన్నని తీగ ఫోను తెర మీద అసలే కనిపించదు. టవరు కనిపించిందంటే తీగ ఉన్నట్టే లెక్క. చిమ్నీల వంటివి 120 మీటర్లకు చాలా పైకి పోతాయి, వాటి మీదుగా దాటాలన్న ఆలోచనే రానీయకు. గోదావరి మీద మరీ కిందికి దించకు. కదిలే నీటి మీద కింది సెన్సార్లు మోసపోతాయి.

రామగుండం ఎండ నీకు తెలిసిందే. మేలో 45 డిగ్రీలు దాటుతుంది. నీ బ్యాటరీ పుస్తకం తెరిచి చూడు, 40 డిగ్రీల వరకే అని రాసి ఉంటుంది చాలావాటికి. ఎండాకాలం పొద్దున్నే ఎగరెయ్యి, లేదా సాయంత్రం చల్లబడ్డాక. దిగిన బ్యాటరీని వేడి మీదే చార్జింగుకు పెట్టకు, చల్లారనివ్వు. వారం రోజులు పని లేకపోతే సగం చార్జితో దాచు. ఉబ్బిన బ్యాటరీని ఇంట్లో ఉంచకు. బొగ్గు దుమ్ము విషయంలో ఒక చిన్న అలవాటు చేసుకో. ఎక్కడ దింపినా కింద పట్టా పరుచు. రెక్కల గాలికి లేచిన దుమ్ము గింబల్‌లోకి పోతుంది. వెల్డింగు షాపుల దగ్గరైతే ఇనుప రజను మోటార్ల అయస్కాంతానికి అతుక్కుని వదలదు.

గని జోలికి మాత్రం పోకు. గని హద్దులో మేనేజరు అనుమతి లేకుండా మనిషే అడుగు పెట్టకూడదు, డ్రోనుకూ అదే నియమం. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు వేళ ప్రమాద పరిధి 500 మీటర్లు. కరెంటుతో పేలే డిటొనేటర్ల దగ్గరికి రేడియో తరంగాలు పంపే వస్తువు రాకూడదన్నది గని భద్రతలో పాత పాఠం, నీ కంట్రోలరు చేసే పని తరంగాలు పంపడమే. 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ సీఐఎస్‌ఎఫ్ కాపలాలో ఉన్న కేంద్రం. దాని రిజర్వాయరు మీద 2022 నుంచి 100 మెగావాట్ల సోలారు పలకలు తేలుతున్నాయి. పై నుంచి చూస్తే చాలా అందంగా ఉంటాయి కాబట్టే వాటి షాట్ కావాలని నిన్ను అడుగుతారు. రాతపూర్వక అనుమతి లేనిదే కెమెరా అటు తిప్పకు. సమ్మక్క జాతరలో జనం తలల మీదుగా కూడా అంతే. పోలీసుల అనుమతి ఉన్నా, జనానికి పక్కగా ఉండి తియ్యి.

ఇవన్నీ అయ్యాక కంట్రోలరు చేతికి తీసుకో. ఫోనును డిస్టర్బ్ చేయొద్దనే సెట్టింగులో పెట్టు, షాట్ మధ్యలో పెళ్లివారి ఫోను వస్తే తెర మాయమవుతుంది. యాంటెన్నా కొసను డ్రోను వైపు గురిపెట్టకు, దాని వెడల్పు వైపు డ్రోనుకు చూపించు. మామూలుగా ఎడమ పుల్ల ఎత్తుకు, తిప్పడానికి, కుడి పుల్ల ముందూ వెనకా పక్కలకు. డ్రోను తోక నీ వైపు ఉన్నంతసేపు కుడి కుడే, ఎడమ ఎడమే. ముఖం నీ వైపు తిరిగిందంటే రెండూ తారుమారు. కొత్తవాళ్లు గుద్దేది ఎక్కువగా అక్కడే. మొదటిసారి తలకు కాస్త పైన, నాలుగైదు మీటర్లలో నిలిపి, చేతులు వదిలేసి చూడు. కదలకుండా నిలబడిందా? రెండు పుల్లలూ ఒక్కొక్క దిక్కూ మెల్లగా తోసి చూడు. కొంచెం దూరం పంపి, రిటర్న్ బటన్ నొక్కి, బయలుదేరిన పట్టా మీదికే వచ్చిందో లేదో చూడు. బ్యాటరీ మూడో వంతు మిగిలి ఉండగానే దింపు. ఇది చేయి తిరిగేదాకా పెళ్లి ఒప్పుకోకు.

చివరగా, పుస్తకంలో రాయని మాట ఒకటి. నీకు కష్టమయ్యేది యంత్రం కాదు, మనుషులు. ముహూర్తం దగ్గరపడుతుంది, గాలి లేస్తుంది, పెళ్లికొడుకు బావమరిది వచ్చి భుజం మీద చేయి వేసి ‘ఒక్క షాట్ అన్నా, ఏం కాదు’ అంటాడు. అప్పుడు డబ్బు పోతుందనీ పేరు పోతుందనీ భయం వేస్తుంది. ఎగరేయాలా వద్దా అన్నది నీ చేతిలో కంట్రోలరు ఉన్నంతసేపు నీ ఒక్కడి నిర్ణయమే, దాని ఫలితమూ నీదే. నవ్వుతూనే ‘ఇవాళ వద్దు అన్నా, గాలి బాగాలేదు’ అను. ఈ మాట అడ్వాన్సు తీసుకునే రోజే చెప్పి, ఒప్పంద కాగితంలో కూడా రాసి పెట్టుకో. గాలి, వాన, అనుమతి, ఈ మూడింటిలో ఏది కుదరకపోయినా డ్రోను లేవదని. అలా చెప్పగలిగినవాడి దగ్గరికే జనం మళ్లీ వస్తారు. ఈ ఊళ్లో భద్రత విలువ తెలియని ఇల్లు లేదు.

ఈ ఆదివారం కాకుండా ఆ పై ఆదివారం పొద్దున్నే డ్రోనును మన చెలకలోకి తీసుకురా. మీ బాపునూ పిలుద్దాం. ముందు నేల చూద్దాం, తర్వాత ఆకాశం.

నీ మేలు కోరే
పెద్దబాపు