పునాదులుగల పట్టణము
ధ్యానభాగము: హెబ్రీయులకు 11:8-10



మేము థాయిలాండు రాజధానియైన బ్యాంకాకును చూచితిమి. ఆ దేశస్థులు దానిని క్రుంగ్ థేప్, అనగా దేవతల నగరమని పిలుతురు. చావో ఫ్రయా నదినిండ పడవలు, వీధులనిండ బండ్లు. రాత్రియైనను సందడి తగ్గదు.

ఆ నగరపు పూర్తి పేరు మిక్కిలి పొడవైనది. అమరము అను మాటయు, జయింపరానిదను అర్థముగల అయుత్థయ అను మాటయు అందులో నున్నవి. అయితే పూర్వపు రాజధానియైన ఆ అయుత్థయ 1767లో శత్రువులచేత కాల్చబడెను. 1782లో స్థాపింపబడిన ఈ రాజధానియు మెత్తని బంకమట్టిమీదనే యున్నది. భూగర్భజలమును విస్తారముగా తోడినందున నేల కుంగెను. కనుక పెద్ద మేడలు కట్టువారు గట్టినేల దొరకువరకు స్తంభములు దింపుదురు.

పేరు పెట్టుట సులభము, పునాది వేయుట కష్టము. మనమును గుమ్మముపైన "సమాధాన నిలయము" అని వ్రాయించుకొందుము. లోపల అన్నదమ్ములు మాటలాడుకొని ఏండ్లు గడచియుండును. అట్టి యిల్లు ఏ నేలమీద నిలుచును?

అబ్రాహాము గుడారములలో నివసించెను. అయినను దేవుడు కట్టు పట్టణముకొరకు ఎదురుచూచెను. మనము ఈ దినమే వెళ్లి సహోదరుని తలుపు తట్టుదము.

ప్రభువా, మా పునాదులను పరీక్షించుము. ఆమేన్.