మామ్మ పేరేమిటి?

మా మరిది వంశవృక్షం వేయిస్తున్నాడు. పెళ్ళికెదిగిన కొడుకున్నాడు కదా, సంబంధాలవాళ్ళ చేతిలో పెట్టడానికి ఓ చిన్న పుస్తకం కావాలిట. "నవలలు రాస్తావు, నాలుగు మంచి మాటలు నువ్వే రాసిపెట్టు వదినా" అంటూ హయత్‌నగర్ దాకా వచ్చి కాగితాలు నా ముందు పెట్టాడు. చెట్టు మొదట్లో ఓ ఋషి. మధ్యలో, ఎక్కణ్ణించి ఊడిపడ్డాడో గాని, ఓ దివాన్‌గారు!

నాకు నవ్వొచ్చింది. రెండువేల ఏళ్ళ కిందట జూలియస్ సీజరూ ఈ పనే చేశాడు. పుస్తకం కాదు, నాణెం వేయించాడు. క్రీ.పూ. 47-46 ప్రాంతపు ఆ వెండి దెనారియస్‌కి ఒకవైపు వీనస్ దేవత, రెండోవైపు ట్రాయ్ నగరం తగలబడిపోతుంటే ముసలితండ్రిని భుజాన మోసుకొచ్చిన ఏనియస్. ఏనియస్ వీనస్ కొడుకు, మేము ఆయన సంతానం అని లోకానికి చెప్పడమన్నమాట.

తర్వాతివాళ్ళూ తక్కువ తినలేదు. మా విజయవాడ రోడ్డు పట్టుకుపోతే వచ్చే నల్గొండ జిల్లాలో, అక్కెనపల్లిలో, అగస్టస్, తిబేరియస్‌ల వెండి నాణేలు రాశిగా దొరికాయి. తిబేరియస్ తన నాణేల మీద దివ్యుడైన అగస్టస్ కొడుకునని చెక్కించుకున్నాడు. నిజానికి దత్తుడు. ఇక్కడి వ్యాపారులు మాత్రం వెండి ఎంతుందో చూసుకుని ఉంటారు!

అయినా సీజరు అబద్ధాన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. దేవత వంశమని చెప్పుకున్నవాడు చూపించింది కిరీటం కాదు, తండ్రి బరువు. కాని ఒకటి గుచ్చుకుంటుంది. కథలో ఏనియస్ వెనకాల భార్య క్రూసా నడిచింది. ఆ గందరగోళంలో తప్పిపోయింది. నాణెం మీద ఆమె లేదు. మన శాతవాహనులు నయం. గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర అంటూ తల్లిని బట్టి వచ్చిన పేర్లే నాణేలకెక్కించారు.

మా చెట్టులోనూ ఆడవాళ్ళు లేరు. మామగారి తల్లి, చిన్నతనానే భర్త పోతే, ఇళ్ళల్లో దంపుళ్ళు దంచి ముగ్గురు కొడుకుల్ని చదివించింది. ఆ సంగతి మామగారే నాకు చెప్పారు, కళ్ళు తుడుచుకుంటూ.

"దంపుళ్ళ ఊసెందుకు వదినా, అవతలివాళ్ళేమనుకుంటారు?" అన్నాడు మరిది.

పిల్లాడి పెళ్ళి. చెడగొట్టిందన్న పేరు నాకొద్దు. కాని దివాన్‌గారిని నా చేత్తో రాస్తే, ఆవిడ అరచేతుల కాయలు అబద్ధమైపోవూ?

ఋషిని ఉంచాను. గోత్రమన్నాక ఆయన ఎవరికీ అడ్డు రాడు. దివాన్‌గారిని కొట్టేశాను. ఆవిడ గురించి రాద్దామని కూర్చుంటే పేరు తెలియలేదు. ఎవర్నడిగినా "మామ్మ" అంటారంతే. చివరికి మరిదికే ఫోన్ చేశాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కనుక్కుంటాను వదినా" అన్నాడు.